ఇంటిలో చిన్న కర్మశాల

ప్రతి యింటిలోను ఇనుప సామానుల డబ్బా యొకటి యుండును. విరిగిన తాళపుచెవి, తల యరిగిన మరచీలలు, ఊడివచ్చిన తలుపు గడియ, పాత సైకిలు ఇరుసు, పండ్లు మొద్దువారిన ఆకురాయి, ఇట్టివన్నియు అందులో చేరుచుండును. పారవేయుటకు గృహస్థునకు మనసొప్పదు. ఉపయోగించుకొనుట యెట్లో తెలియదు. ఏడాదికొకసారి పండుగకు ఇల్లు దులిపినపుడు ఆ డబ్బాను ఒక మూలనుండి మరియొక మూలకు జరిపి మరచిపోవుదుము. ఆ డబ్బా మూత తెరచి, లోహములతో ఇంటిపట్టున స్వయముగా చేసికొనదగిన పనులను గురించి కొంత ముచ్చటించుటయే నా యుద్దేశము.

లోహపు పని యనగానే చాలమందికి అది తమకు సంబంధించినది కాదని తోచును. ఇనుము పని కమ్మరిది, ఇత్తడి రాగి పని కంచరిది, బంగారు పని కంసాలిది, చదువుకొన్నవానిది కాగితముపై వ్రాయు పని: ఈ విభజన మన సంఘమున తరతరములుగా వేళ్ళూనినది. దీనివలన ఉభయులకును నష్టమే కలిగినది. చేతికి తెలిసినది కలమునకు ఎక్కలేదు. కలమునకు తెలిసినది చేతికి అందలేదు.

ఆ నష్ట మెంతటిదో తెలియుటకు తెలుగునాటనే ఒక దృష్టాంతమున్నది. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రము ఒకప్పుడు మూసలలో ఉక్కు తయారుచేయుటకు ప్రసిద్ధి గాంచిన గ్రామము. మట్టి మూసలో ఇనుమునుంచి, మూత మూసి, బొగ్గుల మంటలో గంటలతరబడి కాచి, పిమ్మట మెల్లగా చల్లార్చి అచ్చటివారు ఉక్కు ముద్దలను తీసెడివారు. వానికొరకు పారసీక వర్తకులు అంతదూరమునుండి వచ్చెడివారు. హెన్రీ వాయ్సీ యను శాస్త్రజ్ఞుడు ఆ పద్ధతిని గూర్చి వ్రాసిన వర్ణన 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారి పత్రికలో వెలువడినది. అంతకు ముందే దక్షిణదేశపు ఉక్కు "ఊట్జ్" అను పేరుతో ఇంగ్లండు చేరినది. ఆ పేరు మన "ఉక్కు" అను మాటకు వికృతియని పెక్కురు పండితుల యభిప్రాయము. 1795లో జార్జి పియర్సను దానిపై లండనులో ఒక వ్యాసము ప్రకటించెను. 1819లో మైకేల్ ఫారడే దానిని పరీక్షించెను. ఆ ఫారడే ఒక కమ్మరివాని కుమారుడను సంగతి ఇచ్చట గుర్తుంచుకొనదగినది.

చౌకయైన దిగుమతి ఉక్కు వచ్చిపడగా మన కొలుములు చల్లారినవి. విద్య తెలిసిన చేతులు ఒకటొకటిగా కాలగర్భమున కలిసిపోయినవి. నేడు పండితులు పాత కొలుముల తావులలో దొరకు మూసపెంకులను, చిట్టెమును పరీక్షించి ఆనాటి పద్ధతి నూహించుచున్నారు. కొలిమి దరినే అక్షరజ్ఞుడొకడు కూర్చుండి, ఎన్ని గంటలు కాచిరో, ఏ ఆకులు వేసిరో, ఎట్లు చల్లార్చిరో దినదినమును వ్రాసియుంచినచో ఈ శ్రమలో చాలభాగము తప్పియుండెడిది.

చేతిపనియు చదువును ఒకే మనిషియందు కలిసినచో నేమగునో చూపుటకు వేరొక దృష్టాంతము చెప్పుదును. స్కాట్లండులోని ఎడింబరో నగరమున 1808లో జన్మించిన జేమ్సు నాస్మిత్ ఒక చిత్రకారుని కుమారుడు. ఆ బాలుడు తన పడకగదినే పోతపని శాలగా చేసికొనెను. గదిలోని నిప్పుగూటియందు రాత్రివేళ ఇత్తడి కరగించి, చిన్న ఆవిరియంత్రముల భాగములను పోతపోసెను. తండ్రి నిద్రకు భంగము కలుగకుండ చప్పుడు చేయక ఆ పని సాగించెడివాడు. అట్లు చేసిన నమూనాలను అమ్మి, ఆ సొమ్ముతో విశ్వవిద్యాలయమందలి శాస్త్రోపన్యాసములు వినుటకు ప్రవేశపు చీట్లు కొనుక్కొనెను. తరువాత 1839లో ఆవిరి సమ్మెటను రూపొందించినవాడు ఈ నాస్మితే. ఔత్సాహికుల కొరకే 1898లో పెర్సివల్ మార్షల్ లండనులో "మోడల్ ఇంజనీర్" అను పత్రికను ప్రారంభించెను. అనగా, వృత్తి కానివాడు ముచ్చటకొరకు లోహపు పని చేయుట ఇతర దేశములలో ఒక శతాబ్దమునకు పైబడిన సంప్రదాయము.

ఇంతకును మనకు కావలసిన సామగ్రి యెంత? పెరటి వసారాలో ఒక మూల, గోడకు బిగించిన గట్టి బల్ల, దానిపై 4 అంగుళముల వైసు ఒకటి. మీరు నిలుచుండి మోచేయి మడచినపుడు వైసు దవడల పైయంచు మోచేతి యెత్తున నుండవలెను. అంతకంటె పల్లమైనచో నడుము నొచ్చును. ఎత్తైనచో చేతికి బలము చాలదు. ఇనుపరంపము ఒకటి, ఆకురాళ్ళు మూడు, సుత్తె, చేతితో త్రిప్పు డ్రిల్లు, ఉక్కు కొలబద్ద, మూలమట్టము, గీతలు గీయుటకు ఉక్కు సూది, చుక్క పెట్టుటకు పంచి: మొదట ఇంతకుమించి కొననక్కర లేదు. విద్యుత్తుతో తిరుగు సాధనములు నేడు చౌకగా దొరకుచున్నవి గాని, చేతితో ఆకురాయి పట్టుట నేర్చిన పిమ్మట వానిని కొనుట మేలు. లోహము ఎంతవరకు లొంగునో, ఎచ్చట ఎదురు తిరుగునో తెలుపగల గురువు ఆకురాయియే.

రంపమును గూర్చి రెండు మాటలు. దాని పండ్లు ముందువైపునకు చూచుచుండవలెను. ముందునకు త్రోయునపుడే ఒత్తిడి పెట్టవలెను, వెనుకకు లాగునపుడు తేలిక చేయవలెను. నిమిషమునకు 40, 50 సార్లకు మించి ఆడింపరాదు. తొందరపడినచో పండ్లు కాగి మొద్దువారును. కోయబోవు లోహపు మందముపై ఎప్పుడును కనీసము మూడు పండ్లు ఆనియుండవలెను. అందుచేతనే పలుచని రేకులకు అంగుళమునకు 32 పండ్ల రంపమును, సామాన్యపు పనికి 18 లేక 24 పండ్ల రంపమును వాడుదురు. రేకు మరీ పలుచనైనచో రెండు చెక్కల నడుమ నుంచి చెక్కలతో కూడ కోసినచో అంచు చిరుగదు.

ఆకురాయిని పిడి లేకుండ ఎన్నడును పట్టరాదు. దాని తోక మొన అరచేతిలో దిగబడుట కర్మశాలలలో తరచు జరుగు ప్రమాదము. క్రొత్తవాడు రాచిన ముఖము చదునుగా నుండదు. నడుమ ఉబ్బి రెండంచులను వాలియుండును. కారణ మేమనగా, ఆకురాయి ముందునకు పోవుకొలది త్రాసుకాడవలె ఊగును. ప్రారంభమున ఎడమచేతి బరువు ఎక్కువగాను, నడుమ రెండు చేతుల బరువు సమముగాను, చివర కుడిచేతి బరువు ఎక్కువగాను ఉండినచో ఆ యూగుట తగ్గును. కొలబద్ద అంచును ఆనించి వెలుతురునకు ఎదురుగా చూచినచో ఎచ్చట సందు కనబడునో అచ్చట పల్లమున్నదని యర్థము. ఆకురాతికి ముందుగా సుద్ద పూసినచో రజను పండ్లలో ఇరుకుకొని పనిపై గీతలు పెట్టదు. ఒక అంగుళపు ఇనుప ఘనము నారుముఖములును చదునుగా, మూలమట్టమునకు సరిగా రాచుట తొలిపాఠముగా పెట్టుకొనుడు. అందుకు కొన్ని సాయంకాలములు పట్టును. ఆ ఘనము ముగియునాటికి చేయి మారియుండును.

ఇక డబ్బాలోని ఇనుములలో ఏది మెత్తని ఇనుము, ఏది ఉక్కు అను ప్రశ్న వచ్చును. రెంటికిని భేదము కర్బనపు పాలులో నున్నది. తలుపు గడియలకు వాడు మెత్తని ఇనుములో అది నూటికి పావు వంతుకు లోపుగా నుండును. మంచి ఆకురాతి ఉక్కులో నూటికి ఒకటికి పైబడి యుండును. సాన చక్రమునకు తాకించి నిప్పురవ్వలను చూచినచో తెలిసిపోవును. మెత్తని ఇనుమునుండి పొడవైన తిన్నని గీతలు వెలువడును. కర్బనము హెచ్చిన ఉక్కునుండి వచ్చు రవ్వలు కాకరపువ్వొత్తివలె చీలి నక్షత్రములై విచ్చుకొనును.

ఇప్పుడు ఆ డబ్బాలోని అరిగిన ఆకురాతినే తీసికొని మరచీలలు త్రిప్పు స్క్రూడ్రైవరుగా మార్చు విధము చెప్పుదును. చిన్న వస్తువే యైనను లోహవిద్య యందలి ముఖ్య రహస్యమంతయు దీనిలో నున్నది. నేటి చౌకరకపు ఆకురాళ్ళు కొన్ని పైపొర మాత్రమే గట్టిపడిన మెత్తని ఇనుముతో చేసినవి. కావున ముందుగా రవ్వల పరీక్ష చేయుడు.

మొదట దానిని బొగ్గుల కుంపటిలో ఎర్రగా కాల్చి, పొడి బూడిదలో కప్పి, రాత్రియంతయు చల్లారనిండు. మరునాటికి అది మెత్తబడి రంపమునకును మరియొక ఆకురాతికిని లొంగును. పాత పండ్ల గీతలను పూర్తిగా రాచివేయుడు. బిరుసెక్కించునపుడు అట్టి గీతలనుండియే పగుళ్ళు పుట్టును. కొనను కావలసిన వెడల్పునకు, మరచీల గాడిలో సరిగా కూర్చుండు మందమునకు తీర్చుడు.

రెండవ ఘట్టము బిరుసెక్కించుట. కొననుండి అంగుళము, అంగుళమున్నర మేర మరల ఎర్రగా కాల్చవలెను. ఎంత ఎరుపు? కమ్మరి కంటికి అది తెలియును. క్రొత్తవారికి సూదంటురాయి తోడ్పడును. ఇనుము 770 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో అయస్కాంతము నంటు గుణమును కోల్పోవును. ఉక్కు సూదంటురాతికి అంటుట మానిన పిమ్మట ఇంకను కొద్దిగా వేడెక్కనిచ్చి, పట్టుకారుతో తీసి, నిలువుగా నీటిలో ముంచి కదలించుచుండవలెను. అడ్డముగా ముంచినచో ఒకవైపు ముందు చల్లబడి వంకరపోవును. వేడిలో ఇనుమునందు కరగియున్న కర్బనము మెల్లగా చల్లారినపుడు వేరుపడును. తటాలున చల్లార్చినపుడు వేరుపడుటకు వ్యవధి లేక లోపలనే చిక్కుకొనును. ఆ బిగింపే బిరుసునకు మూలము. ఇప్పుడు కొత్త ఆకురాయి కూడ దానిపై జారిపోవును. అయితే ఈ స్థితిలో అది గాజువలె పెళుసుగా నుండును, చేజారినచో విరుగును.

మూడవ ఘట్టము ఆ పెళుసుతనమును తగ్గించుట. దీనినే నిజమైన పదును పట్టించుట యనవచ్చును. కొనకు దగ్గరి భాగమును గరుకు కాగితముతో మెరయునట్లు రుద్ది, కొనకు వెనుకనున్న కాడను మెల్లగా వేడిచేయుడు. వేడి కొనవైపునకు ప్రాకుచుండగా, మెరుగుపై పలుచని ఆక్సైడు పొర యేర్పడి, దాని మందము ననుసరించి రంగులు తేలును. 220, 230 డిగ్రీలయొద్ద ఎండుగడ్డి వన్నె. 260 ప్రాంతమున గోధుమ వన్నె. 280 ప్రాంతమున వంగపండు వన్నె. 300 డిగ్రీలకు నీలివన్నె. గీతసూదికి గడ్డివన్నె చాలును. దానికి దెబ్బ తగులదు గనుక బిరుసు ముఖ్యము. ఇనుము నరకు ఉలికి వంగపండు వన్నె రావలెను. మెలి భరింపవలసిన స్క్రూడ్రైవరునకును, వంగి మరల నిటారు కావలసిన స్ప్రింగునకును నీలివన్నె తగును. కావలసిన వన్నె కొనకు చేరిన క్షణముననే నీటిలో ముంచవలెను. ఎండలో రంగులు సరిగా కనబడవు, నీడపట్టున చేయుడు. కొయ్యపిడి బిగించినంత మీ సాధనము సిద్ధము.

ఇక వంటయింటి సంగతి. ఇత్తడి రాగి పాత్రలకు కళాయి వేయువాడు ఒకప్పుడు వీధివీధికి వచ్చెడివాడు. నేడు చాల పట్టణములలో ఆ కేక వినబడుట అరుదు. చింతపండు పులుసు రాగికి తగిలినచో లోహము కరగి పదార్థములో చేరును, చిలుము పుట్టును. కళాయి దానికి అడ్డుగోడ. పాత్రను శుభ్రముగా తోమి, వేడిచేసి, నవాసారపు పొడి చల్లి, తగరము నంటించి, ప్రత్తితో లోపలంతయు పూయుటయే ఆ పని. తగరము 232 డిగ్రీలకే కరగును. నవాసారము వేడికి విడిపోయి లోహముపైనున్న మురికి పొరను తినివేయును. మురికి లేని లోహమునకే తగరము అంటును. మాటు వేయుటకును సూత్ర మిదియే. తగరము 63 పాళ్ళు, సీసము 37 పాళ్ళు గల మాటు లోహము 183 డిగ్రీలకు కరగి, ఇరుకైన సందులోనికి తనంతట తానే ప్రాకును. సందు వెడల్పైనచో ప్రాకదు. కావున మాటు వేయుటలో పనియంతయు ముందుగా శుభ్రపరచి, దగ్గరగా పొందుపరచుటలో నున్నది. ఒక్క హెచ్చరిక: సీసము విషము. సీసము కలిసిన మాటును అన్నము తిను పాత్రలకు గాని, త్రాగునీటి పాత్రలకు గాని ఎట్టి పరిస్థితిలోను వాడరాదు. కళాయికి శుద్ధ తగరమే వాడవలెను. మాటు పని ముగించి చేతులు కడుగక భుజింపరాదు.

కొంత నేర్పు కుదిరినవారికి ఒక చక్కని సమస్య చెప్పుదును. నిక్కమైన సమతలము కావలెనన్న దానిని దేనితో సరిచూడవలెను? సరిచూచు పలక సమతలమని మన కెవరు చెప్పిరి? ఈ చిక్కునకు జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గో విద్వత్సభ యెదుట మూడు పలకల పద్ధతిని వివరించెను. రెండు పలకలను ఒకదానికొకటి రంగు పూసి రుద్ది, మిట్టలను గీకి పొందింపవచ్చును. కాని ఒకటి ఉబ్బియు, రెండవది గుంటపడియు ఉన్నను అవి పొందియే యుండును. మూడవ పలకను చేర్చుడు. ఉబ్బిన మొదటి పలకకు రెండవదియు మూడవదియు పొందినచో ఆ రెండును గుంటలే. వానిని ఒకదానిపై నొకటి పెట్టగానే నడుమ ఆనక దోషము బయటపడును. మూడింటిని జతలు మార్చుచు, దిశలు త్రిప్పుచు, ఏ రెండు కలిపినను పొందునంతవరకు గీకినచో మూడును సమతలములే. పూర్వమొక సమతల మున్నగాని క్రొత్తది పుట్టదను సందేహము తీరినది. గణితపు యుక్తి యొకటి చేతిలోని ఇనుమునందు రుజువగుట చూచి మా యింటి పిల్లలు మూడు ఆదివారములు ఆటలు మరచిరి.

ప్రమాదముల మాట సంక్షేపముగా చెప్పుదును. కంటికి అద్దములు లేనిదే సానయొద్దకును డ్రిల్లుయొద్దకును పోరాదు. తిరుగు సాధనముల చెంత ఉత్తరీయము, పైటకొంగు, విప్పిన జడ, చేతితొడుగు పనికిరావు; రేకును చేతితో పట్టక బల్లకు బిగించియే తొలువవలెను. యశదపు పూత గల రేకులను, గొట్టములను కొలిమిలో పెట్టరాదు. ఆ పొగ పీల్చినవారికి చలిజ్వరము వచ్చును. కరగిన లోహము చెంత తడి యుండరాదు. నీరు ఆవిరియగునపుడు సుమారు 1,700 రెట్లు వ్యాపించును గనుక ఒక్క బొట్టు చాలును, లోహమంతయు మీదికెగయుటకు. మూతపడిన డబ్బాను, నూనె పీపాను వేడిచేయుట ప్రాణాంతకము. పాదములకు చెప్పులు గాక మూసిన బూట్లుండవలెను.

ఈ పనులన్నియు ఇంటివారే చేసికొన్నచో కమ్మరి జీవనమేమి కావలెనని కొందరడుగుదురు. నా యనుభవము వేరుగా నున్నది. ఒక ఉలికి పదును పట్టించి చూచినవాడు కమ్మరివాని పనికి బేరమాడడు. ఆ వన్నెను కనిపెట్టు కంటికి వెల యెంతో వానికి తెలిసియుండును. పెద్దపని వచ్చినపుడు కొలిమి దరికి పోయి, "బాబాయీ, ఎంత ఎరుపు వచ్చినపుడు తీయుదువు? నూనెలో ఏల ముంచితివి?" అని యడుగగల భాష వానికి అబ్బియుండును. అట్లు అడుగువారు లేకనే గదా ఆ విద్యలో చాలభాగము అంతరించినది.

కావున వచ్చు సెలవుదినమున ఆ డబ్బాను వెలికి తీయుడు. బాలురతో పాటు బాలికలను కూడ దగ్గర కూర్చుండబెట్టుకొనుడు. గరిట పట్టు చేతికి సుత్తె బరువు కాదు. బల్లపై ఒక నోటుపుస్తకము, పెన్సిలు ఉంచుడు. ఏ ఇనుము, ఎంత వేడి, ఏ వన్నె, నీరా నూనెయా, ఫలితమేమి, తేదీతో సహా వ్రాయుడు. మీ యూరిలో నేటికిని కొలిమి నడుపుచున్న వృద్ధు డుండినచో ఆయన చెప్పినదియు అందులో ఎక్కింపుడు. సిద్ధమైన స్క్రూడ్రైవరు మీ కాలమున పనిచేయును. ఆ పుస్తకము మీ తరువాతి వారికి పనిచేయును.